నాచారం షెడ్డులో రాడ్డును తెగనివ్వని మామ

సోమవారం పొద్దున షెడ్డు తెరవకముందే కబురు వచ్చింది. ఫిట్టర్ మామ ఉప్పల్‌లో, తన ఇంట్లోనే, నిద్రలో పోయాడు. ఆయన నాకు చుట్టం కాదు. నాచారంలో ఒకే కప్పు కింద పనిచేశాం, అంతే. వెల్డింగ్ ఫోన్‌లో చూసి నేర్చుకున్న నాకు, తల పైకెత్తి కప్పును చూడటం నేర్పింది ఆయనే.

మాది కమాను కప్పు. దాని కింద, ఈ గోడ నుంచి ఆ గోడకు ఇనుప రాడ్లు బిగించి ఉంటాయి. మామ నిచ్చెనెక్కి ఒక్కో రాడ్డును పానాతో కొట్టి వినేవాడు. ఖంగుమని మోగితేనే, బిగువు సడలలేదని, దిగి టీ తాగేవాడు.

"కమాను ఊకె కూసోదు బిడ్డా. గోడలను బయటికి తోస్తనే ఉంటది. రాడ్డు పట్టుకున్నది గనుకనే మనం బతికున్నం" అనేవాడు.

ఆయన వినయవంతుడని ఎవరైనా అంటే నమ్మకండి. మస్తు గొప్పలు చెప్పుకునేవాడు. చెప్పుకునే హక్కుంది.

రేకులు నొక్కే కొత్త ప్రెస్సు మెషీన్ లారీలో వచ్చిన రోజు, ఎత్తు ఎక్కువై రాడ్డు కింద పట్టలేదు. ఒక్క గంట కోసం రాడ్డు కోసేసి, మెషీన్ లోపలికి పోయాక అతికించమని షెడ్డు ఓనర్ సేఠ్ నాకు చెప్పాడు. కింద ఆడవాళ్లు ప్యాకింగ్‌లో ఉన్నారు. కుదరదన్నాను. నా మాట ఎవడు వింటాడు? మామ అడ్డం వస్తే ముసలోని చాదస్తమన్నారు. ఇవాళ ఫోటోకు దండ వేసి మెచ్చుకుంటున్నవాళ్లే అన్నారు. నేను మరిచిపోను.

మామ అరవలేదు. నూనె పడ్డ నేల మీదికి సేఠ్‌ను పిలిచి, ఎదురుగా నిలబడి తన అరచేతులకు అరచేతులు ఆనించి ముందుకు వాలమన్నాడు. ఇద్దరూ కమానులా నిలబడ్డారు. మామవి రబ్బరు బూట్లు, అంత అమాయకుడేం కాదు. సేఠ్ కాళ్లే వెనక్కి జారాయి. మామే ఆయన నడుం పట్టి ఆపాడు.

"మీరు జారితే నేను పట్టిన సేఠ్. గోడలు జారితే ఎవడు పడ్తడు?"

సేఠ్ చెమట తుడుచుకున్నాడు. "మరి మెషీన్ ఎట్ల పోవాలె మామా?"

"దాని తల ఊడదీద్దాం. రెండు రాడ్ల నడుమకు తెచ్చి మళ్ల బిగిద్దాం."

పొద్దంతా పట్టింది. విప్పాం, పైపుల మీద దొర్లించాం, నిలబెట్టాం. సాయంత్రం ప్రెస్సు తిరిగింది. మామ సేఠ్‌తో అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించి, పెళ్లికొడుకులా షెడ్డంతా తిరిగాడు. ఒక్క రాడ్డూ తెగలేదు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. గెలిచింది ఆయనే.

నిన్న ఆయన్ను సాగనంపి వచ్చాం. ఇవాళ ప్రెస్సు మొదటి దెబ్బకు షెడ్డంతా అదిరింది. రాడ్డు మీది పావురాలు ఒక్కసారిగా లేచాయి, కప్పు కింద ఒక చుట్టు తిరిగాయి, మళ్లీ వచ్చి ఆ రాడ్డు మీదే వరసగా వాలాయి.