శనివారాలు నాకు తోడొచ్చిన లెక్కల మేడం

మా లెక్కల మేడం చనిపోయారని తెలిసినప్పుడు నేను రాయదుర్గంలో ఒక ఆఫీసు టవరు పైన, లిఫ్టు మోటారు గదిలో పనిలో ఉన్నాను. పదో తరగతి వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు: "మన లెక్కల మేడం ఇగ లేరు. పొద్దున దవాఖానల పోయిన్రట." నేను పదో తరగతి మధ్యలోనే మానేసినా ఆ గ్రూపులోంచి మాత్రం నన్నెవరూ తీసేయలేదు. రెండుసార్లు చదివాను. చేతిలో పని ముగించి, గ్రీజు తుడుచుకుని, మిగతా రోజుకు సెలవు అడిగాను. ఎవరు పోయారని సూపర్‌వైజరు అడిగితే "మా క్లాస్‌మేటు" అని వచ్చింది నోటికి. అబద్ధం కాదు. ఎందుకు కాదో చెప్తాను.

గచ్చిబౌలి దాటి తెల్లాపూర్ వెళ్లే దారిలో, అద్దాల బిల్డింగుల మధ్య ఇరుక్కున్న సర్కారు హైస్కూలు మాది. మేడం కూకట్‌పల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. సొంతూరు గుంటూరు వైపు. మామూలుగా మమ్మల్ని "నాయనా" అనేవారు. కోపం వస్తే మాత్రం మర్యాద పెరిగిపోయేది. "ఏవండీ, తమరు ఎక్కడికండీ బయల్దేరారు?" అన్నారంటే క్లాసంతా బిగుసుకుపోయేది. మీలో ఎవరైనా ఆమె దగ్గర చదివి ఉంటే ఆ అండీలు గుర్తుండే ఉంటాయి. ఎక్కువ భాగం నాకే దక్కాయి.

నాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. పీరియడు మధ్యలో లేచి కిటికీ దగ్గరికో నీళ్ల ట్యాంకు దగ్గరికో పోయేవాణ్ని. మిగతా టీచర్లు బయట నిలబెట్టేవారు. మేడం నెల రోజులు చూసి, ఒకనాడు వెనక గోడకున్న పాత బోర్డు దగ్గరికి తీసుకెళ్లి సుద్దముక్క చేతికిచ్చారు. "కూర్చోలేకపోతే నిలబడి చెయ్యి నాయనా. లెక్కకు కుర్చీ అక్కర్లేదు." ఆ తొమ్మిదో తరగతి అంతా నేను నిలబడే చదివాను. లెక్క ఆగిపోతే చెరపనిచ్చేవారు కాదు. ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గీత గియ్యమనేవారు. "గీత పైనదంతా నీకు వచ్చినట్టే కదా. కిందది చూద్దాం." ఇప్పుడు చెడిపోయిన లిఫ్టు ముందు నిలబడితే నేను మొదట చూసేది కూడా అదే, ఎక్కడిదాకా బాగుందని.

తొమ్మిది అవగానే బడి మానేద్దామనుకున్నాను. కారణమంటూ ఏమీ లేదు. నాన్న నీళ్ల ట్యాంకరు నడిపేవాడు, అమ్మ తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలో వంట చేసేది. ఇద్దరూ చదువుకొమ్మనే అనేవాళ్లు. నాకే నిలకడ లేదు. సరిగ్గా అప్పుడు మేడం ఒక కాగితం తెచ్చారు. దగ్గర్లోని ఒక యూనివర్సిటీ, హైస్కూలు పిల్లల్ని కూడా డిగ్రీ వాళ్లతో పాటు కూర్చోబెట్టి ఒక పేపరు చదువుకోనిస్తోంది. శనివారం మధ్యాహ్నం క్లాసు. పాసైతే ఆ పేపరు మార్కులు అలాగే ఉంచి, రేపు డిగ్రీలో చేరినప్పుడు కలుపుతారు. సంభావ్యత అని పేపరు పేరు. ఏది జరిగే అవకాశం ఎంతో లెక్కగట్టడం. రెండు షరతులున్నాయి. పిల్లవాడు బడిలో చదువుతున్నట్టు హెడ్మాస్టరు ఉత్తరం ఇవ్వాలి. పదహారేళ్లు నిండకపోతే ఒక పెద్దమనిషి తోడు వచ్చి, క్లాసు అయ్యేదాకా పక్కనే ఉండాలి.

"బడికి రాను మేడం. గా క్లాసుకొక్కదానికే వస్త," అన్నాను.

"ఉత్తరంలో అబద్ధం రాయించలేను నాయనా. నువ్వు బడిలో ఉంటేనే అది నిజమవుతుంది."

అలా నేను యూనివర్సిటీకి పోవడం కోసం పదో తరగతిలో చేరాను. అమ్మానాన్నలకు శనివారం తీరిక ఉండదు. కాగితంలో తోడు వచ్చేవారి పేరున్న చోట మేడం తన పేరు రాసుకుని, సంబంధం అన్నచోట 'టీచరు' అని రాశారు.

మొదటిరోజు బడి యూనిఫాంలో వెళ్లాను. ముందు బెంచీలో ఒక అక్క వెనక్కి తిరిగి, "ఎవరి తమ్మునివి? పిలువాల్నా?" అని అడిగింది. సారు ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోయాడు. నాకు సగం అందలేదు. మేడం చివరి వరసలో కూర్చుని మా బడి పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఒక చెవి ఇటు వేసి ఉంచారు. తిరుగు బస్సులో ఆ పాఠమంతా తెలుగులో చెప్పుకొచ్చారు.

మూడో వారం పేపర్ల కట్ట సంచిలోంచి బయటికి రాలేదు. దాని బదులు ఒక కొత్త నోటుబుక్కు వచ్చింది. ఆ రోజు బస్సులో ఒక లెక్క ఎలా తేలిందో నన్ను చెప్పమన్నారు. నన్ను పరీక్షిస్తున్నారనుకుని గబగబా చెప్పాను. మళ్లీ చెప్పమన్నారు. "పరీక్ష కాదు నాయనా. నాకు నిజంగానే జారిపోయింది." అప్పుడే చెప్పారు, డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీలో సీటు వచ్చిందట. అదే ఏడు వాళ్ల నాన్న పోతే, బీఈడీ చేసి ఉద్యోగంలో చేరారట. అంతే చెప్పి కిటికీ వైపు తిరిగారు.

ఆ వారం నుంచి నేను "క్లాస్‌మేట్ గారు" అయ్యాను. వరండాలో ఎదురైతే, "క్లాస్‌మేట్ గారూ, నాలుగోది తేలిందా?" అనేవారు. "ఏందిరా, మేడమే నీకు డౌట్లు అడుగుతున్నది?" అని దోస్తులు నవ్వేవాళ్లు. నాకు లోపల ఎంత గర్వంగా ఉండేదో.

ఒకసారి యూనివర్సిటీ సారు, ఏదైనా వస్తువు తీసుకుని అందులో చెడినవి ఎన్ని వస్తాయో అంచనా కట్టి రమ్మన్నాడు. మేము బడిలో ఉన్న సుద్దముక్కల డబ్బాలన్నీ స్టాఫ్‌రూంలో బోర్లించి, విరిగినవి ఒక పక్కకు, మంచివి ఒక పక్కకు ఏరుతూ కూర్చున్నాం. హెడ్మాస్టరు తలుపు దగ్గర ఆగి, "ఏం మేడం, పప్పుల రాళ్లు ఏరుతున్నరా?" అన్నారు. మేడం తల ఎత్తకుండానే, "ఏవండీ, మధ్యలో మాట్లాడితే లెక్క తప్పుతుందండీ," అన్నారు. ఆయన మెల్లగా తలుపు దగ్గరికేసి వెళ్లిపోయారు.

దసరా సెలవుల తర్వాత నేను మానేశాను. బడీ, శనివారాలూ, రెండూ. కూకట్‌పల్లిలో ఒక దోస్తు పెళ్లిళ్లకు లైట్లు కట్టే పనికి పోతుంటే వాడి వెంట వరంగల్ వెళ్లిపోయాను. యూనివర్సిటీలో ఇంకా మూడు క్లాసులు, ఒక పరీక్ష మిగిలి ఉన్నాయి. మేడం ఫోన్లు చేశారు. ఎత్తలేదు. ఇంటికొచ్చి అమ్మతో, వచ్చాక ఒకసారి కనిపించమనండి అని చెప్పి వెళ్లారట. కనిపించలేదు. నా చదువు, నా ఇష్టం, మధ్యలో ఈమెకేంటి అనుకున్నాను.

మూడేళ్ల తర్వాత, పనులు చాలా మారి లిఫ్టుల్లో చేరాక, ఒక అపార్ట్‌మెంట్లో రిపేరుకు వెళ్తే మెట్ల మీద ఆయాసపడుతూ ఎవరో వస్తున్నారు. "ఏవండీ, ఇది ఇవాళ బాగవుతుందాండీ?" గొంతు వినగానే తిరిగి చూశాను. ఆమే. నన్ను గుర్తుపట్టి, పని అయ్యేదాకా ఆగారు. తర్వాత ఇంట్లోకి తీసుకెళ్లి ఉప్మా పెట్టారు. ఎందుకు మానేశావని అడగలేదు. ఓపెన్ స్కూల్లో పది రాయొచ్చని చెప్పారు. నేనే ఉండబట్టలేక, "గా కోర్సు మీరు పూర్తి చేసిన్రా మేడం?" అన్నాను. "ముందు నువ్వు తిను," అని ఇంకో గరిటె వేశారు. పూర్తి చేసే ఉంటారనుకున్నాను. అట్లా అనుకోవడమే నాకు సులువు.

మొన్న బుధవారం చర్చి పక్క హాల్లో మేడం ఆదరణ కూడిక జరిగింది. ప్రార్థన అయ్యాక మేడం వాళ్లాయన నా దగ్గరికొచ్చి, శనివారం క్లాసు కుర్రాడివి నువ్వేనా బాబూ అని అడిగారు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను వెళ్లిపోయాక కూడా ఆమె మూడు శనివారాలు నోటుబుక్కు, టిఫిన్ డబ్బా పట్టుకుని టైముకు బయల్దేరేదట. క్లాసుకే వెళ్తోందని ఆయన అనుకున్నారట. అసలు సంగతి మూడోవారం చెప్పిందట. కుర్రాడు లేకుండా గేటు లోపలికి పంపరని, పక్కనే గోడ కింద గట్టు మీద కూర్చుని వచ్చేస్తున్నానని.

"ఒకసారి అడిగి చూడకపోయావా, నువ్వూ చదువుతున్నావు కదా అన్నాను," అన్నారాయన. "నేను విద్యార్థిని కాదు కదండీ, తోడు వెళ్లినదాన్ని, అంది. నాలుగోవారం పరీక్ష. ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయింది."

"నాకు తెల్వదు సార్," అన్నాను.

"నీకు చెప్పొద్దంది బాబూ."

నేను వదిలేసింది నా ఒక్కడి చదువే అనుకుంటూ ఇన్నేళ్లు తిరిగాను. ఇంత వయసుకు ఆమెకు దొరికిన బెంచీ నా వల్లే పోయిందే, ఆ పాఠం కోసమే పాపం గేటు దాకా వచ్చి కూర్చున్నారే అని మూడు రోజులు ఒకటే కుమిలిపోయాను. నిన్న శనివారం. మధ్యాహ్నం బండి తీసి అక్కడికే వెళ్లాను.

గేటు పక్కన గోడ కింద సిమెంటు గట్టు ఉంది. కూర్చున్నాను. క్లాసు జరిగే బిల్డింగు గోడకు అవతల, వీపు వెనక ఎక్కడో ఉండిపోయింది. ఎంత మెడ తిప్పినా కనిపించదు. అక్కడ కూర్చున్న మనిషికి ఎదురుగా కనిపించేది ఒక్క బస్టాపే. మా బడి వైపు నుంచి వచ్చే బస్సులు ఆగేది, నేను వచ్చి ఉంటే దిగేది అక్కడే. ఒక బస్సు వచ్చి ఆగింది. నలుగురు దిగారు. డ్రైవరు ఇంకెవరైనా ఉన్నారా అన్నట్టు కాసేపు ఆపి, తలుపు మూసుకుని వెళ్లిపోయాడు.