మేస్త్రి కాక అరగదీసిన గడప

మా మేస్త్రి కాక మంగళవారం చనిపోయాడు. లేబర్ క్యాంపు గదిలో, మధ్యాహ్నం నిద్రలో గుండె ఆగిందని కంపెనీ కాగితం రాసింది. అది అబద్ధం. ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపాలన్న రూలును తొక్కి, ఒంటిగంటకు ఆయన్ని చర్చి గోపురం పరంజా ఎక్కించింది మా ఫోర్‌మన్. సాయంత్రం ఇళ్లు కొనేవాళ్లు చూడ్డానికి వస్తారని తొందర. కాక పైనే కుప్పకూలాడు. ఆయన్ని కిందికి దించిన ఏడుగురిలో నేనొకణ్ని. మిగతా ఆరుగురూ ఇది చదువుతారనే రాస్తున్నాను.

తెలియనివాళ్లకు చెబుతాను. ఇక్కడ గల్ఫ్‌లో, ఇంటర్నేషనల్ సిటీ అనే పేట దాటి ఎడారిలోకి పోతే మేం కడుతున్న విల్లాలు వస్తాయి. ఇంగ్లండ్‌లోని ఒక చిన్న ఊరిని చూసి కడుతున్నాం. రాతి చర్చి, గూని వంతెన, బావి, కమ్మరి కొలిమి, నడుమ పచ్చిక. ఆ ఊరి చరిత్ర రాసిన పలచటి పుస్తకం ఒకటి ఇంగ్లిష్ ఇంజినీరు కాక చేతిలో పెట్టాడు, ఫొటోలు చూసి రాళ్లు పేర్చమని. కరీంనగర్ రాతిపని ఇంట పుట్టిన కాకకు రాయి తెలుసు, అక్షరం తెలియదు. కరపత్రం కనబడితే వదలని అలవాటు నాది. అందుకని డ్యూటీ దిగాక, పప్పు ఉడికేలోపు, డిక్షనరీ ముందేసుకుని రోజుకో పేజీ తెలుగులో చెప్పేవాణ్ని.

చర్చి ఎనిమిది వందల ఏళ్లదని, ఫలానా ప్రభువు కట్టించాడని చదివిన రోజు కాక అడిగాడు.

"కట్టిచ్చినోని పేరున్నది సరే. కట్టినోళ్ల పేర్లేవి తమ్మి?"

"ఉండవు కాకా. దోపిడీ అంటే అదే."

"నీకు సాంబార్ల ఉప్పు తక్కువైనా దోపిడే గదా. లే, బువ్వ సల్లారుతది."

మహమ్మారికి సగం ఊరు పోయిన పేజీ చదివితే మాత్రం తినకుండా కూర్చున్నాడు. "మరి బతికినోళ్లు ఆ కాళీ ఇండ్లల్ల దీపం వెట్టిన్రా?" అన్నాడు. పుస్తకంలో అది లేదు.

కొత్త రాయిని పాతరాయిలా చేయడం మా పని. అంచులు చెక్కి, టీ డికాక్షన్ పూసి ముసలిదాన్ని చేస్తాం. చర్చి గడపను మాత్రం డ్రాయింగులో సాపుగా గీశారు. కాకకు నచ్చలేదు. రెండు రోజులు వంగి కూర్చుని, ఉలితో, తర్వాత ఇసుకతో రుద్ది, గడప నడుమ పళ్లెంలా గుంట చేశాడు. అదీ సరిగ్గా నడుమ కాదు, కుడికి జరిపి.

"బావి కుడిదిక్కున్నది. నీళ్లు మోసెటోళ్లు ఆడికెళ్లే వస్తరు. వాళ్ల కాళ్లే ఎక్కువ వడ్తయి" అన్నాడు, ఆ ఆడవాళ్లను రోజూ చూస్తున్నట్టు.

కొత్త రాయి పాడుచేశాడని ఫోర్‌మన్ మండిపడ్డాడు. "అరే బుడ్ఢే, నయా పత్థర్ ఖరాబ్ కర్ దియా." ఇంజినీరు వచ్చాడు. బూటు తీసి, పాదం ఆ గుంటలో పెట్టి కాసేపు నిలబడ్డాడు. "ఖలాస్. ఐసేచ్ రహనే దో" అన్నాడు, మా దగ్గర నేర్చిన హిందీలో. ఇలాగే ఉండనీ అని. ఆ ఇంజినీరు మొన్న ఏప్రిల్‌లో వెళ్లిపోయాడు. ఉంటే మంగళవారం అలా జరిగేదా అని నాకు తెగని ఆలోచన.

చివరి పేజీలో పచ్చిక నడుమ రాయి. యుద్ధానికి పోయి తిరిగిరాని ఊరివాళ్ల పేర్లు దానిమీద. కమ్మరి కొడుకులిద్దరు, ఒక పాలేరు, బడిపంతులు. పేర్లన్నీ కాక రెండుసార్లు చదివించుకున్నాడు. "పాలేరు పేరు గూడ రాసిన్రా. మంచి ఊరే" అన్నాడు. మా డ్రాయింగులో ఆ రాయి ఉంది, పేర్లు లేవు. నున్నగా పాలిష్ పట్టమన్నారు. కాక పట్టాడు.

ఇంత చెప్పి, నా సంగతి దాస్తే నేనూ ఫోర్‌మనే. బుధవారం ఆఫీసువాడు గదికి వచ్చి, "నీంద్ మే గయా నా?", నిద్రలోనే పోయాడు కదా అని ఒక్కొక్కరినీ అడిగాడు. ఏడుగురం తల ఊపాం. దోపిడీ అని రోజూ అరిచే నేను అందరికంటే ముందు ఊపాను. ఆ సాయంత్రం కాక భార్య ఫోన్ చేసింది.

"నిద్రల్నే పోయిండటగా బిడ్డా? నొప్పి తెల్వలేదటగా?"

"అవునమ్మా" అన్నాను. "తెలవలేదు."

నొప్పి తెలిసింది. నీళ్లడిగాడు. పైన నీళ్లు లేవు. ఈ మాట ఆమెతో ఎలా అనాలో నాకు తెలియదు, అన్నాక ఆమె ఎలా బతుకుతుందో అసలే తెలియదు. కానీ కాక శవపెట్టె శుక్రవారం సాయంత్రం విమానంలో పోతుంది. ఆ కాగితం దానితోపాటు పోతే, కాక చావు ఇక ఎప్పటికీ ఆ గదిలోనే జరిగినట్టు. రేపు ఇంకొకణ్ని ఒంటిగంటకు ఎక్కిస్తారు, అదే కాగితం మీద పేరు మారుస్తారు.

ఒక్కడి మాట ఎవరూ వినరు. వీసా కొట్టేసి పంపుతారు, అంతే. ఏడుగురం కలిసి పోలీస్ స్టేషన్‌కు పోతే వింటారో లేదో, అదీ చెప్పలేను. భయపడేవాణ్ని తప్పుపట్టను.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి, క్యాంపు గేటు బయట, నీళ్ల ట్యాంకర్ ఆగే చోటుకి రండి. చూసింది చూసినట్టు తెలుగులో రాసి పెట్టాను, కింద సంతకాలకు ఏడు గీతలు గీశాను. మొదటి గీత మీద నా పేరుంది.