నేరుగా వెళ్ళి ఉంటే

దయ్యాల సంగతి ఎవరు చెప్పినా నేను మొదట అడిగేది ఒక్కటే: అప్పుడు టైమెంత? మా సింగానల్లూరులో మిల్లు నైట్ షిఫ్టు ముగించుకొని వచ్చేవాళ్ళు గోడౌను దగ్గర ఏదో చూశామని చెప్పేవాళ్ళు. టైము అడిగితే ఒక్కరూ సరిగ్గా చెప్పేవాళ్ళు కాదు. టైము కూడా చూసుకోనివాళ్ళు ఇంకేం చూసి ఉంటారులే అనుకునేదాన్ని. కెమిస్ట్రీ చదివినదాన్ని. దయ్యాలున్నాయని ఇప్పుడు కూడా అనడం లేదు. కాని ఇందులో గుర్తున్నంతవరకు టైములన్నీ రాస్తున్నాను. నన్ను ఎవరైనా ఆ ప్రశ్న అడుగుతారేమోనని.

మేం కోయంబత్తూరు తెలుగువాళ్ళం. ఎన్ని తరాల కిందట వచ్చామో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బడి అంతా తమిళంలోనే. తెలుగు అక్షరాలు కాలేజీ హాస్టల్లో ఒక చిత్తూరు స్నేహితురాలు నేర్పింది. ఇది తెలుగులోనే రాయాలనిపించింది. ఎందుకంటే ఇది మా అవ్వ గురించి. అవ్వ నాతో ఎప్పుడూ వేరే భాష మాట్లాడలేదు.

అవ్వ అంటే అమ్మకు అమ్మ. అమ్మ అవినాశిలో బనియన్ కంపెనీకి కుట్టుపనికి వెళ్ళేది. తెల్లారి పోతే చీకటి పడ్డాకే వచ్చేది. నన్నూ అన్ననూ పెంచింది అవ్వే. తను ముప్పై ఏళ్ళు స్పిన్నింగ్ మిల్లులో పనిచేసింది. ఆ మోతకు చెవులు సగం పోయాయి. ఎవరు మాట్లాడినా కాస్త ముందుకు వంగి పెదవులు చూసేది. మిల్లులో పనిచేసిన ఆడవాళ్ళకి చాలామందికి ఆ అలవాటు ఉంటుంది.

అవ్వకు ఒక పంతం ఉండేది. బస్సు మారదు. కారమడై గుడికి పోవాలంటే మధ్యలో మారే బస్సులు ఎన్ని వచ్చినా వదిలేసి, నేరుగా పోయేదాని కోసం గంటసేపు నిలబడేది. మేం విసుక్కుంటే, "మారి మారి పోతే మనిషి పోతుంది, మూట నిలిచిపోతుంది" అనేది.

పెళ్ళయ్యాక నేను ముంబై వచ్చాను. పురుటికి ఊరికి పోదామనుకున్న వారంలోనే, నెలలు నిండకుండానే బాబు ఇక్కడ పుట్టేశాడు. మూడు వారాలు గాజుపెట్టెలో ఉన్నాడు. ఆ తర్వాత వాణ్ని ఎవరి చేతికీ ఇవ్వడం నాకు చేతకాలేదు. పక్కింటివాళ్ళు ఎత్తుకుంటామన్నా ఏదో సాకు చెప్పి లోపలికి తెచ్చేసేదాన్ని. ఇది తప్పని తెలుసు. అయినా అంతే.

అవ్వ వాణ్ని ఫోన్‌లోనే చూసింది. తెరమీద వేలితో వాడి చెంప తడిమితే ఫోన్ కట్టయిపోయేది. మళ్ళీ చేసేవాళ్ళం. "ఒక తూరి ఒళ్ళో ఏసుకుంటే చాలు పాపా" అనేది ప్రతిసారీ. మా ఇంట్లో ఇప్పటికీ పాప అంటే నేనే.

వాడికి తొమ్మిదో నెలలో కారమడై రంగనాథస్వామి గుడిలో పుట్టువెంట్రుకలు తీయించాలనుకున్నాం. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి తీయాలి. నేరుగా కోయంబత్తూరు పోయే విమానానికి ముందే టికెట్లు తీసి పెట్టాం.

ఆ ప్రయాణానికి ఇంకా రెండు వారాలుండగా, ఒక గురువారం సాయంత్రం అన్న ఫోన్ చేశాడు. అవ్వ రెండు రోజులుగా ఏమీ మింగడం లేదు, డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడు, వచ్చేయ్ అన్నాడు.

మర్నాటికి రెండు దారులు కనిపించాయి. నేరుగా పోయేది ఉదయం పది గంటలకు బయల్దేరి పన్నెండుకు అయిదు నిమిషాలుందనగా దిగుతుంది. హైదరాబాదులో మారేది తెల్లవారి 5.50కి బయల్దేరి 10.10కి దిగుతుంది. అంటే దాదాపు రెండు గంటలు ముందు.

మా ఆయనకు శనివారానికి గాని సెలవు దొరకలేదు. "నేరుగానే పో" అన్నాడు. "మధ్యలో ఒక ఊరు పెట్టుకుంటే ఆ ఊరి తంటాలూ మనవే అవుతాయి. చంటివాడితో రెండుసార్లు ఎక్కి దిగడం ఎందుకు?"

నాకు ఆ రెండు గంటలే కనిపించాయి. మారే టికెట్టే తీశాను.

అమ్మ ఫోన్ అవ్వ చెవి దగ్గర పెట్టింది. గొంతు బాగా సన్నబడిపోయింది. "నేరుగానా, మారియా?" అని అడిగింది. మారి వస్తున్నానని గట్టిగా చెప్పాను. "అయ్యో" అంది. ఆ వెంటనే, "అట్లయితే మూట జాగర్త" అంది. నవ్విందో దగ్గిందో తెలియలేదు. అవ్వ నాతో మాట్లాడిన చివరి మాట అదే.

మొదటి విమానం సరిగ్గా బయల్దేరింది. 7.20కి హైదరాబాదులో దిగాం. 8.40కి రెండోది. అది పది గంటలకని చెప్పారు. తర్వాత పదకొండున్నర అన్నారు. తర్వాత టైము చెప్పడం మానేశారు. వేరే దాంట్లో పంపమని అడిగాను. సీట్లు లేవన్నారు. నేను తెలుగులోనే అడిగాను. కౌంటర్లో అమ్మాయి నా మాట విని చిన్నగా నవ్వి ఇంగ్లీషులో జవాబు చెప్పింది. మా తెలుగు వినగానే అక్కడివాళ్ళు అలాగే చేస్తారు. తప్పు పట్టను.

పన్నెండు దాటింది. ముంబైలో పది గంటలకు బయల్దేరిన నేరు విమానం ఈపాటికి దిగేసి ఉంటుందని తెలుసు. ఫోన్ తీసి చూసే ధైర్యం లేకపోయింది. బాబు ఏడుస్తున్నాడు. ఏసీ చలికి వాడి ముక్కు ఎర్రబడింది. కాళ్ళకు అమ్మ కుట్టి పంపిన పసుపుపచ్చ సాక్సులున్నాయి, కంపెనీలో మిగిలిన పిల్లల బట్టతో కుట్టినవి. అవి జారిపోకుండా పదే పదే పైకి లాగుతున్నాను.

"మనది ఏ పక్కం మా, కోయమత్తూరేనా?"

పక్క సీట్లో ఒక పెద్దావిడ. ఎప్పుడొచ్చి కూర్చుందో చూడలేదు. బూడిదరంగు నూలు చీర, వైరు బుట్ట, రెండు ముక్కుపుటాలకూ పుడకలు. మా అవ్వలా లేదు. అది ముందే చెప్పాలి. అవ్వకంటే సన్నం, నలుపు తక్కువ. కాని మాట మా ఇంటి మాట. ఆ రాగం, వైపును 'పక్కం' అనడం, చివర ఆ 'మా'. ఆ మాట విన్నాక ఊరూ పేరూ అడగాల్సిన పని ఉండదు. మా వాళ్ళెవరికైనా అంతే. పరాయి ఊళ్ళో ఆ తెలుగు వినిపిస్తే సగం చుట్టరికం కలిసినట్టే.

సింగానల్లూరు అని చెప్పాను. ఆమె ముందుకు వంగి నా పెదవులు చూస్తూ విన్నది.

మిల్లులో చేసేవాళ్ళా అని అడిగాను. "చేస్తిని, చేస్తిని. చెవులు ఆడనే ఇచ్చేసి వస్తిని" అంది.

అవ్వకు బాగాలేదని, చూడ్డానికి పోతున్నానని చెప్పాను. అంతవరకే చెప్పాను. ఆమె చేతులు చాచింది. తొమ్మిది నెలల్లో ఎవరికీ ఇవ్వనిదాన్ని, బాబును ఆమె చేతుల్లో పెట్టాను. ఎందుకిచ్చానని మా ఆయన ఇప్పటికీ అడుగుతాడు. ఆ మాట కోసం ఇచ్చాను. అంతకంటే కారణం లేదు.

అప్పుడు 12.25. గేటు పైన గడియారం ఉంది. నేను పది అడుగుల దూరంలోని కౌంటరుకు పోయి మళ్ళీ అడిగాను. మధ్య మధ్య వెనక్కి చూస్తూనే ఉన్నాను. ఆమె సీటుమీదే బాసిపట్టు వేసుకొని బాబును ఒళ్ళో పడుకోబెట్టుకుంది. వాడి కాలు ఆమె గుప్పిట్లో ఉంది. వాడు ఏడుపు మానేశాడు.

ఇంకో పావుగంటలో ఎక్కిస్తామన్నారు. తిరిగి వచ్చేసరికి వాడు నిద్రపోయాడు.

"ఇంగ తొందర లేదు పాపా, కూచో" అంది ఆమె. "నేరుగా వచ్చేదాంట్లోనే వచ్చుండొచ్చు నువ్వు. పోనీ. ఏ దారిన వస్తేనేమి, బిడ్డ ఒళ్ళోకి వచ్చింది గదా."

నిద్రలేమితో ఉన్నాను. తలూపాను. నేరు విమానం సంగతి ఆమెకు చెప్పానా అని అప్పుడు అనిపించలేదు. తర్వాత ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా చెప్పినట్టు గుర్తులేదు.

12.45కి పిలిచారు. చంటిపిల్లలున్నవాళ్ళు ముందు రావాలన్నారు. ఆమె బాబును నా భుజంమీద పడుకోబెట్టి, "నువ్వు పో, నేను మెల్లింగ వస్తా" అంది.

చిన్న విమానం. నాది ముందు సీటు. ఎక్కే ప్రతి మనిషీ నన్ను దాటుకునే పోవాలి. ఆమె రాలేదు. తలుపు మూస్తుంటే ఒక పెద్దావిడ ఇంకా రావాలని చెప్పాను. రావాల్సినవాళ్ళందరూ వచ్చేశారమ్మా అన్నారు.

అప్పుడు చూశాను, బాబు కుడికాలికి సాక్సు లేదు. సీటు కింద, బ్యాగులో, నా చీర మడతల్లో వెతికాను. కనబడలేదు. కాలు చల్లబడి ఉంటుందని పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. దుప్పటి కింద నుంచి తీసినట్టు. ఎడమకాలు, సాక్సు ఉన్నది, మంచుముక్కలా ఉంది. అప్పుడు అదొక వింతగా కూడా తోచలేదు. రెండు కాళ్ళూ కలిపి నా చేతుల్లో పెట్టుకొని కూర్చున్నాను.

కోయంబత్తూరులో అన్న బయట నిలబడి ఉన్నాడు. వాణ్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవాల్సిన మేనమామ. మొదటిసారి చూస్తున్నాడు. బాబును అందించబోయాను. అన్న రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను ఇంకా తానం చెయ్యలేదు పాపా" అన్నాడు.

చావు ముట్టినవాళ్ళు తలస్నానం చేసేదాకా చంటిబిడ్డల్ని ఎత్తుకోరు. ఎన్నింటికి అని కారు ఎక్కాక అడిగాను. పన్నెండూ ముప్పావుకు అన్నాడు.

బాబును చంకనేసుకొని గడపలో నిలబడ్డాను. అమ్మ లోపలే నిలబడి, చావింట్లో ఎవరొచ్చినా చెప్పేటట్టే నాకూ చెప్పింది. అప్పటికి ఎంతమందికి చెప్పిందో, కన్నీళ్ళు కూడా రావడం లేదు.

"పన్నెండున్నర ఉంటాది. అంతదాకా కదలలేదు. ఉండుండి చేతులు ఇట్ల ఇట్ల తడిమింది. బిడ్డకి ఒక కాలు సల్లంగుండాది, కప్పండి అనింది. ఏ బిడ్డకి అమ్మా, ఇంకా రాలేదే అంటిని. కోపం వచ్చింది ఆమెకి. నా ఒళ్ళో ఉండే బిడ్డకి అనింది. సరేనని నా చెంగు తీసి ఆమె ఒడిమీద కప్పితిని. అప్పుడు గానీ ఊరుకోలేదు. అట్లనే పోయింది."

అమ్మ కళ్ళు తుడుచుకొని మనవణ్ని చూసింది. పైనుంచి కిందిదాకా చూసి, మామూలు గొంతుతోనే అడిగింది: "ఏ పాపా, ఇంకొక సాక్సు ఏది?"

తర్వాత నేను అంతా చెప్పినప్పుడు కూడా అమ్మ పెద్దగా ఆశ్చర్యపోలేదు. రెండు ముక్కుపుడకల మనిషి మన చుట్టాల్లో ఎవరూ లేరే అంది, అంతే.

అన్నిటికీ మా ఆయన కారణాలు చెప్తాడు. నేనూ చెప్పగలను. ఆవిడ గేటు పొరబడి వేరే చోటికి పోయి ఉండొచ్చు. చంటిపిల్లల సాక్సులు జారిపోతూనే ఉంటాయి. పోయేముందు మనిషికి తన కాళ్ళ చల్లదనమే బిడ్డ కాలిదిగా తోచి ఉండొచ్చు. గుప్పిట్లో పట్టుకున్న కాలు కాసేపు వెచ్చగానే ఉంటుంది. విడివిడిగా అన్నీ సరే. ఒకచోట పెట్టినప్పుడే చాలవు.

కర్మలన్నీ అయ్యాక ఆ రోజు నేరు విమానం ఎప్పుడు దిగిందో చూశాను. 11.50కి. విమానాశ్రయం నుంచి మా ఇంటికి పావుగంట. నేరుగా వెళ్ళి ఉంటే, 12.25కి వాణ్ని అవ్వ ఒళ్ళో నా చేతులతోనే పెట్టి ఉండేదాన్ని. తొందరగా పోదామనే మారాను.

ఆవిడ ఒళ్ళే అవ్వ ఒడి అని నమ్మితే నాకు ఊరట. అందుకే నమ్మడానికి భయం. నా తప్పు నేను మరిచిపోవడానికి అల్లుకున్న కథేమోనని. నమ్మకపోతే మాత్రం, అవ్వ ఖాళీ చేతులతో పోయిందని ఒప్పుకోవాలి.

ఆ చెంగు గురించి అమ్మను మరోసారి అడిగాను. ఎంతసేపు కప్పి ఉంచావు అని. ఊపిరి ఆగాక కూడా తీయలేదట. స్నానం చేయించడానికి లేపినప్పుడు, అంటే ఒకటిన్నరకు తీసిందట.

విమానంలో నేను వాడి కాలు పట్టుకున్నది ఒకటీ పదికి. అప్పటికింకా వెచ్చగా ఉంది. ఆ తర్వాత ఎప్పుడు చల్లబడిందో గుర్తులేదు. అన్నిటికీ టైము రాసుకున్న నేను అది చూడలేదు.