ఎనిమిదో చొక్కా

మా అక్క ఇంట్లో కిటికీలకు పరదాలు లేవు. ఉన్నవన్నీ చొక్కాలయ్యాయి. ఆ చొక్కాలన్నీ నేనే వేసుకున్నాను. అందుకే ఆఫీసులో నన్ను ఇప్పటికీ ‘కిటికీ’ అని పిలుస్తారు. ఈ పాపమంతా మా బావదే.

బావ టైలరు. ముప్పై ఏళ్ళుగా ఒకే షాపు, వీధివైపు గోడ పక్కన ఒకే మిషను. కిందటేడాది పక్షవాతం వచ్చింది. నడక తిరిగి వచ్చింది, మాట వచ్చింది, కుడిచెయ్యి మాత్రం రాలేదు. దాని మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. షాపు యజమాని మంచివాడే, తనూ ఒకప్పుడు కుట్టి పైకొచ్చినవాడే. “నెలాఖరు దాకా నీ మిషను మీద ఎవర్నీ కూర్చోబెట్టను మాస్టరూ. ఆలోపు అమ్మకానికి పనికొచ్చే చొక్కా ఒక్కటి కుట్టుకు రా. లేకపోతే వేరే మనిషిని చూసుకోవాల్సిందే” అన్నాడు.

నాకెవరైనా ఆ మాట చెబితే వారం రోజులు మంచం దిగను. డిపార్ట్‌మెంటు పరీక్ష రెండుసార్లు తప్పి, ప్రశ్నపత్రం తయారుచేసినవాణ్ణి నోరారా తిట్టి, పుస్తకాలను అటకెక్కించిన ఘనుణ్ణి నేను. బావ మాత్రం ఇంట్లో మూలనున్న పాత మిషను దులిపి, సుద్దముక్కను ఎడంచేతిలోకి మార్చుకుని, “బట్టేమైనా ఉందా?” అని అక్కను అడిగాడు. అక్క పరదా తీసిచ్చింది. “కొలతలకి మనిషి కావాలే” అన్నాడు. అక్క నన్నిచ్చింది.

కత్తెరలు కుడిచేతివాళ్ళ కోసమే చేస్తారని బావకు ముప్పై ఏళ్ళ సర్వీసు తర్వాత తెలిసింది. ఎడంచేత్తో పడితే అది బట్టను కత్తిరించదు, నమిలి వదిలేస్తుంది. అలా నమిలిన బట్టతోనే మొదటి చొక్కా తయారైంది. ఒక చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది, ఇంకోటి వేళ్ళు దాటి వేలాడింది. మెడ దగ్గర గుండీ పెడితే ఊపిరాడలేదు.

రెండోది దివ్యంగా కుదిరిందనుకుని ఆఫీసుకు వేసుకెళ్ళాను. పై అధికారి ఎదుట సంతకం చెయ్యడానికి పెన్ను కోసం ఎడమవైపు తడుముకుంటే జేబు లేదు. జేబు కుడివైపుంది! గుండీలూ అటూ ఇటూ అయ్యాయి. ఎడంచేతికి వీలుగా ఉందని బావ కాగితం నమూనాను తిరగేసి పరిచాడట. చొక్కా మొత్తం అద్దంలో చూసినట్టు వచ్చింది.

సాయంత్రం వెళ్ళి విరుచుకుపడ్డాను. “జేబు అటుందేంటి బావా?”

ఆయన నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. “అవునురోయ్! అది సరే, కుట్టు చూశావా, ఎంత తిన్నగా వచ్చిందో!”

“ఆఫీసంతా నవ్వారు.”

“నవ్వారంటే చొక్కానే కదా చూశారు. మొన్నటిదాన్ని చూసి దుప్పటనుకున్నారు.”

ఇలాంటి మనిషితో ఎవరు పోట్లాడతారు? మూడోదానికి కాలరు వంకర. నాలుగోది వీపు దగ్గర ఉబ్బింది. ఐదోదానికి సూదిలో దారం ఎక్కించడానికే అరగంట పట్టింది. దారం కొస తడపడం, గురి చూడ్డం, తప్పడం, మళ్ళీ తడపడం. పనికిరాని కుడిచేతిని బట్ట మీద బరువుగా పెట్టుకుని కూర్చున్నాడు. చూడలేక, “ఇటివ్వు, నేనెక్కిస్తా” అని అరిచాను.

“రేపు షాపుకి కూడా వస్తావేంట్రా, రోజూ?” అన్నాడు తల ఎత్తకుండా. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి అక్క మీద అరిచాను.

ఎనిమిదోది నెలాఖరు రోజు పొద్దున పూర్తయింది. అది తొడుక్కుని బావ వెంట షాపుకు వెళ్ళాను. యజమాని టేపుతో నన్ను కొలిచాడు. చొక్కా విప్పించి లోపలి కుట్లు చూశాడు, గుండీలు లాగి చూశాడు. వంక దొరకలేదు. నేను బనీనుతో నిలబడి గర్వపడుతున్నాను.

“బాగుంది. కానీ మాస్టరూ, ఇది ఎడంచేత్తో నువ్వే కుట్టావా? ఇంట్లోవాళ్ళెవరైనా సాయం పట్టారా?”

బావ ముఖం పాలిపోయింది. అన్ని రోజుల్లో ఆ ముఖం అలా అవడం చూడలేదు నేను. నాకు చిర్రెత్తింది. బనీనుతోనే వీధిలోకి పరుగెత్తి, మూడు సందులు దాటి అక్క ఇంటికెళ్ళి, మిగతా ఏడు చొక్కాలూ పట్టుకొచ్చి యజమాని బల్ల మీద గుమ్మరించాను. “చూడండి! ఇవన్నీ వేసుకు తిరిగినవాణ్ణి నేను. నన్నడగండి!”

యజమాని ఒక్కొక్కటే తీసి వరసగా పరిచాడు. నమిలినట్టున్న అంచులు చూశాడు. రెండోది చేతిలోకి తీసుకుని, జేబు చూసి, గుండీలు చూసి, ఆగిపోయాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

“నమూనా తిరగేసి పరిచావు కదూ? సాయానికొచ్చినవాడెవడూ ఇంత చక్కగా చెడగొట్టలేడు.” ఎనిమిదోదాన్ని మడిచి అద్దాల బీరువాలో పెట్టాడు. మిషను మీద కప్పిన గుడ్డ తనే తీశాడు. “రేపు పెందలాడే రా మాస్టరూ.”

నాకేమో ఒంటి మీదికి ఆ రెండో చొక్కానే దిక్కయింది. అది తొడుక్కుని బావతో ఇంటిదారి పట్టాను. ఇంటి మలుపులో బావ, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు.

“నాకు ఎనిమిదోది కుదిరింది. నువ్వు రెండోదాని దగ్గరే ఎందుకు ఆపేశావురా?”

తిట్టడానికి ఎవరైనా దొరుకుతారేమోనని వీధి అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు.

పుస్తకాలు అటక దిగాయి. పరీక్ష దరఖాస్తు నింపడానికి నిన్న ఆ రెండో చొక్కాతోనే కూర్చున్నాను. అలవాటు కొద్దీ పెన్ను కోసం ఎడమవైపు తడుముకున్నాను. తర్వాత కుడివైపు చూసుకుంటే, అక్కడుంది.