మొక్కు జుట్టు కింద బిళ్ళ

మా వీధి చివర టిఫిన్లమ్మే కాసులమ్మకి, కూతురు పైడితల్లి పోయిన దగ్గర్నుంచి ఏడుపూ లేదు, నవ్వూ లేదు. దోసె మాడినా చట్నీ పులిసినా ఒకటే మొహం. మేమూ కిమ్మనకుండా తినేవాళ్ళం.

ఆవిడకి మిగిలింది మనవరాలు కుమారి. పిల్ల తలనీలాలు ఉప్మాక వెంకన్నకిస్తానని పైడితల్లి మొక్కి, తీర్చకుండానే పోయింది. ఐదేళ్ళొచ్చినా ఆ జుట్టుకి కత్తెర తగల్లేదు. పేలు మాత్రం కాపురాలు పెట్టేశాయి.

2005 వానల్లో కుమారి మెడమీద నిమ్మకాయంత బిళ్ళ కట్టింది. కాసులమ్మ బెల్లం, సున్నం కలిపి పట్టు వేసింది. అనకాపల్లిలో బెల్లానికేం లోటు, దట్టంగానే వేసింది. అది ఎండి జుట్టూ మెడా ఒకటైపోయాయి. జ్వరమొచ్చి దిగలేదు, పిల్ల మెడ తిప్పలేదు. ఇద్దర్నీ ఆటో ఎక్కించి పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

"తల్లో పుళ్ళు చూశారా? బిళ్ళలో చీము పట్టింది వీటివల్లే. కోసి తీసి, మందులివ్వాలి. ముందు జుట్టు తీసెయ్యాలి," అందావిడ.

"ఎంకన్న జుట్టమ్మా. దాని తల్లి మొక్కు," అంది కాసులమ్మ, గోడతో చెప్పినట్టు.

"ఆలస్యమైతే చీము లోపలికి పాకుతుంది."

నర్సు తబితా కత్తెర తీసి, "పిన్నీ, నాను సేసేత్తాను. మీ దేముడికి కోపమొత్తే నా పేరు సెప్పు. మా సర్చికొచ్చి అడుగుతాడేటి?" అంది.

కాసులమ్మ నవ్వలేదు. చెయ్యి చాపి కత్తెర తీసుకుంది. "నానే కోత్తాను."

కోసింది. డాక్టరమ్మ చీము తీస్తున్నప్పుడు పిల్ల గొంతు చించుకుంటే తల కదలకుండా పట్టుకుంది. మొహం మారలేదు.

కోసిన జుట్టు కొంగున మూట కట్టి, ఆటోలో నన్నానుకుని కూర్చుంది. తర్వాత మా ఇంటిల్లిపాదీ పేలదువ్వెన కోసం కొట్టుకున్నాం. ఎందుకని చుట్టాలడిగితే చుండ్రన్నాం.

గాయం మానాక ఉప్మాక వెళ్ళాం. మంగలాయన మూట చూసి, "ఇదేటమ్మా, ఇంటికాడే కోసుకొచ్చేసేవు?" అన్నాడు.

"మిగిల్నది నువ్వు తియ్యి."

తల తడిపి, మెడ దగ్గర మచ్చ కనబడగానే కత్తి ఆపి, పక్కనుంచి నెమ్మదిగా లాగాడు.

"తెగిందేటి?" అంది కాసులమ్మ.

"నేదు తల్లీ."

అప్పుడు కూలబడింది. మొక్కు తీరిన నున్నటి తలమీద అరచెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు.