జొన్నగిరి కోళ్ళు, మా ఇంటి మగ్గం

ముందే చెప్పేస్తాను, నేను అబద్ధాలకోరును కాను. ఉన్నది ఉన్నట్టు చెబితే వినేవాళ్ళకు ఆవలింతలొస్తాయని కాస్త ఉప్పూకారం చల్లుతాను, అంతే. ఎమ్మిగనూరు దుప్పట్లు మూటకట్టి వారానికి రెండుసార్లు ఆదోనికి తీసుకుపోయి అమ్మడం నా పని. ఆ రోజుల్లో ఆదోని బస్సు ఎంత నిదానమంటే, ఆదోనిలో ఎవరి సంచిలోంచైనా వేరుశనగ గింజ రాలితే ఎమ్మిగనూరు చేరేలోపల సీటు కింద మొలకెత్తి ఉండేది. అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నావల్ల కాదు. అందుకని కథలు చెప్పేవాణ్ణి. వాటిలో ఒకటి తిరిగొచ్చి నా కొంప ముంచింది.

మా ఆవిడ ఆరేళ్ళు రాట్నం ముందు కూర్చుని ఊళ్ళో నేతగాళ్ళకు నూలు కండెలు చుట్టింది. వచ్చిన చిల్లరను పాత రవికగుడ్డలో మూటగట్టి జొన్నల గాదెలో దాచింది. ఒక ఉగాదినాటికి అది మూడువందల రూపాయలైంది. పక్కింటి నేతగాడు దసరా కాగానే షోలాపూరు పోతున్నాడు. తన మగ్గాన్ని సామాన్లతో సహా మూడువందల యాభైకి ఇస్తాననీ, దసరా దాకా ఇంకెవరికీ ఇవ్వననీ ఆమెకు మాటిచ్చాడు. ఆమె నేతగాడి కూతురు. పెళ్ళికి ముందు పుట్టింట్లో రోజుకొక పంచె దించిన మనిషి. నా ఇంటికొచ్చాక ఇతరుల మగ్గాలకు కండెలు చుట్టడమే మిగిలింది.

"ఏమయ్యా, ఊర్లు తిరిగే మనిషివి. పెద్దోళ్ళు తెలిసుంటారు. ఈ దుడ్డు యాడన్నా పెడితే దసరాకి ఇంకో యాబై అవుతాదేమో కనుక్కో" అంది మూట చేతికిస్తూ. "కాకపోయినా పర్వాలేదు. ఇది మాత్రం ఇట్లే తిరిగి రావల్ల."

"ఇట్లే వస్తాది" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నేను ఉప్పూకారం చల్లలేదు. మనస్ఫూర్తిగానే అన్నాను.

సలహాకు మొదట మా వీధి అయ్యవారి దగ్గరికి పోయాను. ఆయన బడిలో లెక్కలు చెప్పేవాడు.

"పోస్టాఫీసులో వెయ్యప్పా" అన్నాడు. "మూడునూర్లు మూడునూర్లుగా ఉంటాది. ఆ యాబై అంటావా, పోయినప్పుడంతా ఇంకో దుప్పటి ఎక్కువ అమ్ముకో."

ఇది సలహానా? ఇంకో దుప్పటి ఎక్కువ అమ్మమని చెప్పడానికి బి.ఏ. చదవాలా? పైగా ఆయన తెగిన చెప్పు వారుకు ఇనప తీగ చుట్టుకుని ఉన్నాడు. చెప్పులు కొనుక్కోలేనివాడు నాకు పెట్టుబడి నేర్పిస్తాడా అనుకుని లేచి వచ్చేశాను. ఇప్పుడు తలచుకుంటే ఆ తీగతో నా చేతులు రెండూ కట్టేసుకుని ఉండాల్సింది అనిపిస్తుంది.

తర్వాత ఆదోని పత్తి మండీలో బేరాలు కుదిర్చే ఒక దలాలిని ఎంచుకున్నాను. ఎందుకు ఎంచుకున్నానో వింటే మీకూ చిరాకేస్తుంది. ఆ మండీలో ధర నోటితో చెప్పరు. కొనేవాడూ దలాలీ ఒక తుండుగుడ్డ కింద చేతులు కలుపుతారు. పట్టుకున్న వేళ్ళనుబట్టి ధర. చుట్టూ నూరుమంది నిలబడి గుడ్లప్పగించి చూసినా, ఎవడెంతకు కొన్నాడో పక్కవాడికి తెలియదు. ఈ దలాలి ఇరవై ఏళ్ళుగా అట్లా బేరాలు చేసిన మనిషి. నోరు తెరవకుండా బతికేవాడు అబద్ధమెట్లా ఆడతాడు? అబద్ధం పుట్టేది నోట్లోనే. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆయన నా చెయ్యి పట్టుకుని తుండు కప్పాడు. నా దగ్గర మూడునూర్లున్నాయని మూడు వేళ్ళు పట్టించాను. అటూ ఇటూ చూసి, వంగి, నా చెవిలో "కోళ్ళు" అన్నాడు.

"కోళ్ళా అన్నా?"

"జొన్నగిరి కోళ్ళు. తొలకరి పడితే ఆడ చేన్లల్లో వజ్రాలు తేలతాయి కదా. మనుషులు లేసేలోపల కోళ్ళు ఏరుకోని మింగతాండాయంట. ఒకాయమ్మ సుట్టాలొచ్చినారని కోడిని కోస్తే, కందనకాయలో చింతగింజంత వజ్రం ఉండాదంట. దినదినానికీ ధర ఎక్కతాంది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ కథ నాది. ముందటేడు వానల్లో వాగు దగ్గర బస్సు ఆగిపోతే, పొద్దుపోక నేను అల్లి చెప్పిందే. నేను చెప్పినప్పుడు వజ్రం జొన్నగింజంత ఉండింది. ఏడాదిలో చింతగింజంత అయింది. ఎవరూ పైసా పెట్టకుండానే అంతగా పెరిగింది.

"అన్నా, ఆ కత నేను సెప్పిందే. పోయిన వానల్లో, బస్సులో."

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. "నువ్వా? నువ్వు సెప్పింటే ఎవురు నమ్ముతారప్పా? ఇది కండ్లతో సూసినోళ్ళు సెప్పింది."

అక్కడితో లేచి వచ్చి ఉంటే ఈ కథే లేదు. లేవలేదు. నా బుర్ర పాదరసంలా పనిచేయడం మొదలుపెట్టింది. కథ అబద్ధమే. కానీ జనం నమ్మడం నిజమే కదా. నమ్మేవాళ్ళు ఉన్నంతకాలం కోడి ధర పెరుగుతుంది. ఇందులో మోసం లేదని నమ్మి కొనేవాళ్ళు అందరూ, మోసమని తెలిసి కొనేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇంతకంటే భద్రమైన పెట్టుబడి ఉంటుందా? ఇంత తెలివి దేవుడు నాకు ఎందుకిచ్చాడో అని ఈ రోజుకీ విసుక్కుంటాను.

తుండు కింద మళ్ళీ వేళ్ళు కలిశాయి. కోడి మూడు రూపాయలు. నూరు కోళ్ళు. ఆయనే సరఫరా చేశాడు.

ఆదోని ఊరి చివర పాడుబడ్డ కొట్టం ఒకటి బాడుగకు తీసుకుని వాటిని అందులో తోలాను. వారం తిరిగాక పది కోళ్ళను సంతకు తీసుకుపోయాను. ఒక్కడు కూడా ధర అడగలేదు. నాకంటే ముందే ఆదోనిలో సగంమంది కోళ్ళు కొని, కోసి, కందనకాయలు చీల్చి చూసుకున్నారట. గులకరాళ్ళు, గాజుపెంకులు, ఒక చొక్కా గుండీ దొరికాయట. ఆ పదిహేను రోజులూ ఏ వీధిలో పోయినా కోడికూర వాసనే. దాసప్పలు కూడా బిచ్చానికి పోతే 'కూర వద్దు తల్లీ, సంగటి మాత్రమే వెయ్యండి' అనేవాళ్ళట.

చివరికి ఒక అవ్వ వచ్చి నా బుట్ట ముందు కూర్చుంది.

"ఇది జొన్నగిరిదేనా నాయనా?"

"అచ్చంగా జొన్నగిరిదే అవ్వా."

"నా కోడి జొన్నగిరికి ఎప్పుడు పోయింది?" అంది అవ్వ, దాని కాలు పట్టుకుని. "తలుపు సందులో పడి ఈ గోరు నలిగింది సూడు. పదిదినాల కింద దలాలికి రూపాయిన్నరకి ఇచ్చినా. మా వీధి కోళ్ళన్నీ నీ కాడే ఉన్నట్టుండాయే."

కోడి కూడా ఆమెను గుర్తుపట్టినట్టు ఒళ్ళోకి ఎక్కి కూర్చుంది.

పరుగున మండీకి పోయాను. దలాలి తాపీగా వక్కాకు నములుతున్నాడు.

"అన్నా, రూపాయిన్నర కోడికి నా కాడ మూడు తీసుకున్నావు."

"మూడని ఎవురన్నారు?"

"తుండు కింద మూడు వేళ్ళు పట్టలేదా?"

"తుండు కింద జరిగిందానికి సాచ్చెం ఎవురప్పా?" అన్నాడు. మండీలో అందరూ అటూ ఇటూ చూశారు. నిజమే, సాక్ష్యం ఎవరూ లేరు. సాక్ష్యం లేకుండా ఉండడానికే ఆ తుండు. అది తెలిసే, అందుకోసమే ఆ మనిషిని ఎంచుకున్నవాణ్ణి నేను.

ఆ తర్వాత కొట్టంలో కోళ్ళకు కొక్కెర తెగులు తగిలింది. మెడలు వాల్చేసి రోజుకు పదీ పదిహేనూ పోయాయి. పదకొండు మిగిలాయి. వాటిని బుట్టలో పెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఆ రోజు దారంతా నేను ఒక్క కథా చెప్పలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకు జరిగింది జరిగినట్టు చెప్పాను. వజ్రం, కందనకాయ, తుండు, అవ్వ, తెగులు, ఏదీ దాచలేదు. నా బతుకులో అంత నిజం ఒకేసారి చెప్పింది అదే మొదలు.

ఆమె అంతా విని, చేతిలో కండె పక్కన పెట్టింది.

"బస్సులో సెప్పుకో పో ఈ కతలు. దుడ్డు యాడ పెట్టినావో సెప్పు."

"కోళ్ళల్లో పెట్టినా అంటి కదా. ఇవి సూడు."

"నన్ను నమ్మించేదానికి పదకొండు కోళ్ళు కొనుక్కోనొచ్చినావా?"

సరిగ్గా అప్పుడే అయ్యవారు వాకిట్లోంచి పోతూ ఆగాడు. విషయం విని, "నేను పోస్టాఫీసులో వెయ్యమన్నాను కదమ్మా" అన్నాడు. అంతే. ఆమెకు అంతా అర్థమైపోయింది. డబ్బు పోస్టాఫీసులో ఉంది, మగ్గం కొనడం ఇష్టంలేక నేను దాస్తున్నాను. మర్నాడు పోయి పోస్టాఫీసు గుమాస్తాను నిలదీసింది. ఆయన లేదంటే, ఆయనతో కూడా మాట్లాడి పెట్టుకున్నావా అని నన్ను అడిగింది. ఆరేళ్ళ కష్టం పోయిందని నమ్మడంకంటే నేను దొంగనని నమ్మడమే ఆమెకు సులువుగా ఉన్నట్టుంది. నేనూ కాదనడం మానేశాను.

దసరా అయిన మూడోనాడు పక్కింటి మగ్గాన్ని విప్పి ఇంకెవరి బండిలోనో ఎక్కించారు. మా ఆవిడ గడపలో నిలబడి ఒక్కొక్క సామాను బయటికి రావడం చూసింది. అచ్చు, పలకలు, నూలుపోగును అటూ ఇటూ పరుగెత్తించే నాడె. బండి పోయాక లోపలికొచ్చి మళ్ళీ రాట్నం ముందు కూర్చుంది.

మర్నాటి నుంచి నేనూ ఇంకో రాట్నం ముందు కూర్చున్నాను. రెండేళ్ళు కండెలు చుట్టాను. ఆదోనికి పోయినప్పుడల్లా ఇంకో దుప్పటి కూడా ఎక్కువ అమ్మాను. పదకొండు కోళ్ళూ గుడ్లు పెట్టి తమ వంతు అవి చేశాయి. చివరికి ఒక పాత మగ్గం కొన్నాం.

దానిమీద ఆమె మొదటి పంచె నేస్తూ, తలెత్తకుండానే అడిగింది.

"ఇప్పుడన్నా సెప్పు. ఆ మూడునూర్లు యాడ పెట్టినావు?"

"కోళ్ళల్లో."

నాడె ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచింది.

"బస్సులో సెప్పుకో పో" అంది.