సిరిసిల్లకు పోయిన స్టూలు

పొట్టీ, నీకు జ్వరమని తెలిసి పెరుగన్నం డబ్బా కట్టుకుని కోరుట్లలో బస్సెక్కాను. వేములవాడ ఇంకా రానేలేదు, ఫోను వచ్చింది. నువ్వు ఇక లేవని మీ ఆఫీసు మేడం చెప్పింది. డబ్బా నా ఒళ్ళోనే ఉంది. ఊరందరినీ తిన్నారా తిన్నారా అని అడిగేదానివి, నువ్వే తినకుండా పోవడం ఏం పద్ధతి?

చదివేవాళ్ళు కోప్పడకండి. సిరిసిల్లలో నా బిడ్డతో పనిచేసినవాళ్ళు ఆమె జ్ఞాపకానికి చిన్న పుస్తకం వేస్తూ, తల్లిగా నాలుగు మాటలు రాయమని అడిగారు. నేను ఐదో తరగతి దాకానే చదివాను. బీడీలు చుట్టే చెయ్యి ఇది. కలం దొరికితే దానికి కూడా దారం కట్టబోతుంది. మాట్లాడినట్టే రాస్తాను. మిమ్మల్ని ఏడిపించను. మా పొట్టి ముచ్చట ఏడుస్తూ చెప్పడం కుదరదు, మధ్యలో నవ్వొస్తుంది.

మా ఆయన కోరుట్లలో ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. ఆఫీసు ఇచ్చిన కుర్చీకి ఒక కాలు పొట్టిదని, రాయికల్ వడ్లాయనతో, అదే వడ్రంగితో, సొంతంగా స్టూలు చేయించుకున్నాడు. సారు గది గుమ్మం పక్కన దాని మీదే కూర్చునేవాడు. నౌకరిలో ఉండగానే గుండె ఆగి పోయాడు. దినాలయ్యాక ఆఫీసువాళ్ళు గొడుగు, టిఫిన్ డబ్బా, స్టూలు ఇంటికి తెచ్చి ఇచ్చారు. ఆ స్టూలు చూశాక నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఇంక లేవలేదు. ముద్ద గొంతు దిగేది కాదు. నీళ్ళు, ఎప్పుడన్నా ఇంత చాయ్. చేతి గాజులు మోచేతి దాకా జారేవి.

పొట్టికి ఆ ఏడే డిగ్రీ అయింది. నా తల దగ్గర కూర్చుని అంది: "అమ్మా, బాపు ఒక్కపారే పోయిండు. నువ్వు దినాం జెరంత జెరంత పోతున్నవు. ఇద్దర్ని సాగనంపుడు నాతోని కాదు."

ఆ మాటకు కూడా నేను లేవలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నౌకరిలో ఉండి మనిషి పోతే ఇంట్లో ఒకరికి సర్కారు నౌకరి ఇస్తుంది. కారుణ్య నియామకం అని కాగితాల్లో రాస్తారు. మా వాడలో మాత్రం 'అయ్య నౌకరి' అంటారు. దానికోసం పొట్టి నన్ను ఆటోలో, బస్సులో ఎత్తుకుపోయినట్టు జగిత్యాలకు తీసుకుపోయింది. అక్కడి గుమాస్తా ఒక కాగితం ముందు పెట్టాడు.

"అమ్మా, మీ బిడ్డకు నౌకరి ఇచ్చేదానికి మీకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలె."

"నాకు శాన అభ్యంతరం ఉంది సారూ."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "దేనికమ్మా?"

"ఆయన పోయిన దానికి."

పాపం, ఆయన కాసేపు ఆ కాగితం తిరగేసి మరగేసి చూశాడు. "గా అభ్యంతరానికి ఫారం లేదమ్మా," అన్నాడు. పొట్టి నా చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించింది.

కొన్ని నెలలకు ఆర్డరు వచ్చింది. అంతా ఇంగ్లీషు. వాడంతా వచ్చి "పొట్టికి బాపు నౌకరొచ్చింది" అన్నారు.

"ఏం పని రాసిండ్రే?" అని పడుకునే అడిగాను.

"బాపు పనే అమ్మా. గని సిరిసిల్లల. నాకు గా పని ఏం రాదు. ఎట్ల చేస్తనో ఏమో. బాపు దినాం ఇంటికచ్చి నీకే చెప్తుండె గదా, నువ్వే నేర్పాలె."

అది మొహం ఇంత చిన్నది చేసుకుని అడిగింది. నేను లేచాను. ఎందుకు లేవను? అటెండరు పని తమాషా అనుకుంటున్నారా? బెల్లు ఎట్లా కొడితే నీళ్ళు, ఎట్లా కొడితే చాయ్, ఏ సారుకు చక్కెర వద్దు, ఏ సారు వద్దంటూనే రెండు చెంచాలు తాగుతాడు, ఇవన్నీ మా ఆయన దగ్గర ఇరవై ఏళ్ళు విన్నాను.

పక్కింట్లో బట్టలు కుట్టే ముస్లిం పిన్నమ్మను, మేం ఖాలా అంటాం, ఆమెను సారుగా కూర్చోబెట్టాం. బెల్లు లేదు. ఖాలా స్టీలు పళ్ళెం మీద చెంచాతో కొట్టేది. పొట్టి స్టూలు మీద నుంచి లేచి చాయ్ తెచ్చేది.

"గ్లాసు చప్పుడు కావద్దు," అనేదాన్ని నేను. "సారు మొకం చూడకు, ఫైలు దిక్కు చూడు."

ఖాలా ఒక గుటక తాగి మూతి తిప్పేది. "క్యా బేటీ, గిది చాయా? ఇంక రెండు దినాలు గిట్లనే ఇస్తె నిన్ను ట్రాన్స్‌ఫర్ జేస్త."

"యాడికి సార్?"

"మా ఇంటికే. గుండీలు కుట్టేటందుకు."

చాయ్ అయ్యాక టిఫిన్ పాఠం. పొట్టి నా ముందు ఉప్మా పెట్టి చేతులు కట్టుకుని నిలబడేది. "సార్లు తిన్నంకనే గద నేను ప్లేటు తీసేది? నువ్వు తినకుంటె నాకు తీసుడెట్ల వస్తదమ్మా?" దాని పాఠం పాడవుతుందని నేను తినేదాన్ని. రేపు బువ్వ పాఠం అనేది. ఎల్లుండి చపాతి పాఠం. ప్లేటు తీయడంలో ఆ పిల్ల ఎన్ని రోజులకూ పాసు కాలేదు. డిగ్రీ ఎట్లా పాసైందా అని నాకు అనుమానం కూడా వచ్చింది.

నౌకరిలో చేరే రోజు స్టూలు కూడా వెంట తీసుకుపోవాలన్నాను. అయ్య పనికి అయ్య స్టూలు ఉండొద్దా? పొట్టి ఎదురు చెప్పలేదు. బస్సులో కండక్టరమ్మ స్టూలును కిందికీ పైకీ చూసింది.

"ఆడోళ్ళకు ఫ్రీ. దీనికి లగేజి టికెట్ కొట్టాలె."

"గిది సుత మా ఇంటి మనిషే అక్కా," అంది పొట్టి.

"గట్లయితె ఆధార్ కార్డు చూపెట్టు."

బస్సంతా నవ్వారు. చివరికి స్టూలుకు టికెట్ తీసుకుంది. ఎవరో ముసలాయన నిలబడలేకపోతుంటే సిరిసిల్ల దాకా ఆయన్ను దాని మీదే కూర్చోబెట్టింది. ఈ సంగతి ఫోనులో చెబుతూ దానికే నవ్వు ఆగలేదు.

అక్కడే గది తీసుకుని ఉండేది. రోజూ ఫోను చేసేది. "బెల్లు కొట్టంగనె లేస్తున్నవా?" అనేదాన్ని. "లేస్తున్ననమ్మా. నువ్వు తిన్నవా?" అనేది.

నెల తర్వాత మామిడికాయ తొక్కు పట్టుకుని చెప్పకుండా పోయాను. లోపల చూస్తే నా బిడ్డ పెద్ద టేబులు వెనక కుర్చీలో కూర్చుంది. ముందర కంప్యూటరు. 

"లేవే! సారు కుర్చీల కూసున్నవా? జూస్తె నౌకరి పీకుతడు!" అని రెక్క పట్టుకుని లాగాను. తొక్కు సీసా ఒరిగి ఏదో ఫైలు మీద నూనె పడింది.

ఆఫీసంతా లేచి నిలబడ్డారు. అసలు అటెండరు ఒక పెద్దాయన. చాయ్ గ్లాసుతో వచ్చి, "అమ్మా, గది నీ బిడ్డ కుర్చీనే. గీ మేడం జూనియర్ అసిస్టెంటు. నువ్వు కూసో," అని మా ఆయన స్టూలు చూపించాడు. ఆయన గ్లాసు చప్పుడు కాకుండానే పెట్టాడు. బాగా నేర్చుకున్నవాడు.

"నాకు సుత ఈడికచ్చినంకనే తెలిసిందమ్మా," అంది పొట్టి కళ్ళు పెద్దవి చేసి. నేను నమ్మాను. ఇంగ్లీషు కాగితం డిగ్రీ పిల్లను కూడా మోసం చేసిందా అనుకున్నాను.

ఆ స్టూలు నా బిడ్డ టేబులు పక్కనే ఉండేది. దాని దగ్గరికి వచ్చేవన్నీ మాలాంటి ఇళ్ళ ఫైళ్ళే. భర్త పోయినవాళ్ళు, తండ్రి పోయినవాళ్ళు కాగితాల సంచులు పట్టుకుని వచ్చేవాళ్ళు. ముందు స్టూలు మీద కూర్చోబెట్టేది, తర్వాత తిన్నారా అని అడిగేది. లేదంటే తన డబ్బా తెరిచేది. "ఫైలు యాడికి పోదు, తిను. ఆకలి మీద పెట్టిన సంతకం వంకర పోతది," అనేది. పై బీరువాలో ఫైలు కావాలంటే వాళ్ళను లేపి అదే స్టూలెక్కి తీసేది. పొట్టి అని ఊరికే పిలిచామా?

నా బిడ్డ పోయిన పన్నెండు రోజులకు దాని వస్తువులు తెచ్చుకోవడానికి సిరిసిల్లకు పోయాను. అప్పటికి నేను మళ్ళీ గోడవైపు తిరిగాను. ఈసారి పాఠం చెప్పించుకునేవాళ్ళు లేరు. అయ్య నౌకరి, బిడ్డ నౌకరి అని అడిగేవాళ్ళూ మా ఇంట్లో మిగల్లేదు. ఖాలా బలవంతం చేస్తే ఆ రోజు నాకోసం డబ్బా కట్టుకున్నాను, అంతే.

నాకు ఆ రోజు ఫోను చేసిన మేడమే దాని సొరుగు ఖాళీ చేసి ఇస్తూ అడిగింది: "అమ్మా, గా చాయ్ ట్రైనింగు నిజమేనా?"

"మీకెట్ల తెలుసు?"

"ఆర్డరు చేతికచ్చిననాడే ఆమెకు తెలుసమ్మా కుర్చీ పని అని. స్టూలు పట్టుకొని జాయిన్ కానీకి వస్తె, ఇదేందమ్మా అని అడిగిన. 'మా అమ్మ ఊకె తినుమంటె తినది మేడం. నేర్పుమంటె తింటది' అన్నది."

నేను స్టూలు మీద కూలబడ్డాను. నవ్వొచ్చింది. ముందు నవ్వే వచ్చింది, నిజం చెబుతున్నాను. ప్లేటు తీయడంలో ఎందుకు పాసు కాలేదో అప్పుడు తెలిసింది.

అంతలో ఒక చిన్న వయసు ఆమె సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నుదుట బొట్టు తీసిన జాగా ఇంకా తెల్లగానే ఉంది. ఎల్లంతకుంట నుంచి వచ్చిందట. స్టూలు మీద ఉన్నాను కాబట్టి నేనే అటెండరు అనుకుంది.

"అమ్మా, ఆయన నౌకరి కాగితాలు ఎవలకియ్యాలె?"

నేను లేచి ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టాను. "గది తర్వాత జూద్దాం బిడ్డా. తిన్నవా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. డబ్బా మూతలో సగం ఆమెకు పెట్టాను, సగం నేను తిన్నాను. మేడం ఆ స్టూలు ఇంటికి తీసుకుపొమ్మంది. వద్దన్నాను. అది అక్కడే ఉంది, ఖాళీ కుర్చీ పక్కన.

ఇంతదాకా చదివారు. మీరు తిన్నారా? పుస్తకం పక్కన పెట్టి, లేచి కడుపునిండా తినండి.